నా నోట్స్ పదిమందికీ పనికొచ్చేలా

నేను పదో తరగతి. నోట్స్ నెట్‌లో పెట్టే ముందు నేను చేసే మొదటి పని పుస్తకం మూసేయడం. పాఠం చూడకుండా నా మాటల్లో రాస్తాను. పెన్ను ఎక్కడ ఆగితే అక్కడ నాకు అర్థం కాలేదన్నమాట. కాంతి వక్రీభవనం దగ్గర అలాగే ఆగాను. నిర్వచనం నోటికొచ్చు, కానీ కాంతి ఎందుకు వంగుతుందో చెప్పలేకపోయాను. శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే కాంతి, వక్రీభవన గుణకం (శూన్యంలో కన్నా కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 1.5 ఉన్న గాజులో 2 లక్షలకు తగ్గుతుంది. ఏటవాలుగా పడినప్పుడు ఆ వేగం మార్పు వల్లే దారి మళ్లుతుంది. ఈ లెక్క చేశాకే రాయగలిగాను. మీరూ ప్రతి సూత్రం కింద ఒక లెక్క చేసి పెట్టండి, ప్రమాణాలతో సహా.

పేజీని పగటి వెలుగులో, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. పేరు, రోల్ నంబరు, స్కూల్ ముద్ర కనిపిస్తే కత్తిరించండి. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటోతో పాటు అదీ వెళ్లిపోవచ్చు, ఆపేయండి. పాఠ్యపుస్తకం పేజీలు మాత్రం స్కాన్ చేసి పెట్టొద్దు. అవి మన రాతలు కావు.

ఎవరైనా తప్పు చూపిస్తే చెరిపేయకండి. పాత వాక్యం కొట్టేసి, పక్కనే సరైనది రాయండి. ఆ తప్పు చేసేవాళ్లు ఇంకా ఉంటారు.

ఇష్టమైనవీ పంచుకోండి. నాకు ఆకాశం ఇష్టం. 1610లో గెలీలియో గురుగ్రహం పక్కన చుక్కలు గీసుకున్నట్టే, నేనూ బైనాక్యులర్‌తో చూసి దాని ఉపగ్రహాలు గీస్తాను, తేదీ, సమయం వేసి. ఆ బొమ్మల్ని కటకాల (లెన్సుల) పాఠం నోట్స్ పక్కనే పెడతాను.