తొలి ఉప్పునీటి అక్వేరియానికి సంపు: ఎంపిక, అమరిక

ఉప్పునీటి అక్వేరియం స్టాండు లోపల, ప్రధాన తొట్టికి దిగువన అమర్చే రెండో తొట్టిని సంపు అంటారు. పై తొట్టిలో అంచు దాటిన నీరు పైపుల గుండా తనంతట తానే సంపులోకి దిగుతుంది, రిటర్న్ పంపు దాన్ని మళ్ళీ పైకి తోస్తుంది. మొత్తం నీటి పరిమాణం పెరగడం, ఉపరితలం మీద పేరుకునే జిడ్డు పొర ఎప్పటికప్పుడు కిందికి పోవడం, హీటరు, ప్రొటీన్ స్కిమ్మర్ (నురుగు పట్టించి నీటిలోని వ్యర్థాలను తీసే పరికరం) వంటివి కంటికి కనబడకుండా ఉండడం దీని లాభాలు. కొత్తవారు ఏయే పరికరాలు పడతాయో చూసి సంపు కొంటారు. కాని అంతకంటే ముందు తేల్చుకోవలసిన లెక్కలు రెండున్నాయి: కరెంటు పోయినప్పుడు పైనుంచి ఎంత నీరు దిగుతుంది, కిందికి వచ్చే పైపు మూసుకుపోయినప్పుడు పైకి ఎంత నీరు ఎక్కుతుంది. నేల తడవడానికి కారణం చాలావరకు ఈ రెండింటిలో ఒకటి.

మొదటి లెక్క చూద్దాం. పంపు ఆగగానే పై తొట్టిలోని నీరు ఓవర్‌ఫ్లో (అంచు దాటిన నీటిని పైపుల్లోకి పంపే అమరిక) గాట్ల అడుగు మట్టం వరకు దిగుతుంది. నీరు పైకి పోసే రిటర్న్ మూతి అంతకంటే లోతున మునిగి ఉంటే, ఆ పైపే సైఫన్‌గా మారి, మూతి గాలిలోకి తేలేదాకా నీటిని వెనక్కి లాగుతుంది. పై తొట్టి పొడవు 120 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ. అనుకుంటే, మట్టం 2.5 సెం.మీ. తగ్గినా 13.5 లీటర్లు కిందికి చేరతాయి. 75 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు గల సంపులో ఆ నీరు 5 సెం.మీ.కు పైగా మట్టం పెంచుతుంది. పైపుల్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్న నీరు దీనికి అదనం. కాబట్టి రిటర్న్ మూతిని ఉపరితలానికి ఒకటి రెండు సెంటీమీటర్ల దిగువనే ఉంచాలి. సైఫన్ తెగడానికి పైపుకు చిన్న రంధ్రం పెట్టడం మంచిదే గాని, ఉప్పు, నాచు పట్టి అది మూసుకుపోతుంది. నీటిని ఒకే దిశలో పోనిచ్చే చెక్ వాల్వు కూడా అంతే. చిన్న నత్త అడ్డుపడినా సరిగా మూసుకోదు. వీటిని అదనపు రక్షణగా మాత్రమే చూసి, దిగే నీటినంతా పట్టే ఖాళీని సంపులోనే వదలాలి.

రెండో లెక్కను చాలామంది వేయరు. దిగే పైపుకు నాచు ముద్దో నత్తో అడ్డుపడినా పంపు ఆగదు, సంపులో తానుండే అరలో, అంటే రిటర్న్ అరలో, నీరు ఉన్నంతసేపు పైకి తోస్తూనే ఉంటుంది. రిటర్న్ అర 20 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు ఉండి, అందులో 15 సెం.మీ. లోతు నీటిని పంపు లాగగలిగితే అది 10.5 లీటర్లు, పైన చెప్పిన తొట్టిలో దాదాపు 2 సెం.మీ. పెరుగుదల. పై తొట్టి అంచు వద్ద ఆ మాత్రం ఖాళీ లేకపోతే అర చిన్నదైనా కావాలి, మట్టమైనా తగ్గించాలి. రిటర్న్ అర ఎంత పెద్దదైతే అంత మేలన్న సలహా అందువల్ల సగమే నిజం.

ఓవర్‌ఫ్లో విషయంలో, గాజుకు రంధ్రం చేసి అమర్చేదే నమ్మదగినది. తొట్టి వెనుక తగిలించే సైఫన్ రకంలో గొట్టంలోకి గాలి చేరి ప్రవాహం తెగితే పంపు పై తొట్టిని నింపేస్తుంది. టెంపర్డ్ గాజుకు రంధ్రం చేయబోతే అది ముక్కలవుతుంది కనుక అడుగు పలక ఏ రకమో ముందే తెలుసుకోవాలి. వీలైతే కనీసం రెండు పైపులు పెట్టుకోవాలి: ఒకటి గేట్ వాల్వుతో సర్దుకునే పూర్తి సైఫన్ (గాలి లేకుండా నిండుగా నీరు పారే పైపు), రెండోది ఎప్పుడూ పొడిగా ఉంటూ ఆపదలో పనికివచ్చే పైపు. సన్నటి సర్దుబాటుకు బాల్ వాల్వు కంటే గేట్ వాల్వే అనువు.

సంపు లోపల మూడు అరలు చాలు. నీరు దిగే అర, స్కిమ్మర్ అర, రిటర్న్ అర. స్కిమ్మర్‌కు ఎంత లోతు నీరు కావాలో తయారీదారు చెబుతాడు. ఆ అర మట్టాన్ని స్థిరంగా ఉంచే అడ్డు పలక ఎత్తును దాన్నిబట్టే నిర్ణయించాలి. చివరి అరకు ముందు, నీరు ఒక పలక మీదుగా, మరోదాని కిందుగా, మళ్ళీ మీదుగా పోయేలా మూడు పలకలు దాదాపు 2.5 సెం.మీ. ఎడంతో నిలిపితే బుడగలు అక్కడే విడిపోతాయి. గాజు సంపులో పలకలు కూడా గాజువే కావాలి, ఎందుకంటే యాక్రిలిక్‌ను సిలికాన్ గట్టిగా పట్టుకోదు. బూజు నిరోధక మందు కలిపిన సిలికాన్ మాత్రం వాడకూడదు.

పంపు సామర్థ్యాన్ని పెట్టె మీది అంకెతో కాక, మీ ఎత్తుకు అది నిజంగా ఎంత తోస్తుందో చూసి లెక్కించాలి. గంటకు పై తొట్టి పరిమాణానికి మూడు నుంచి ఐదు రెట్లు ప్రవహిస్తే తొలి అక్వేరియానికి సరిపోతుంది. ఇత్తడి, రాగి అమరికలు నీటికి తగలకూడదు, రాగి అకశేరుక జీవులకు విషం. పంపుకు ఇరువైపులా యూనియన్లు (విప్పి మళ్ళీ బిగించగల పైపు జోడింపులు) ఉంటే శుభ్రం చేయడం సులువు. తీగలు ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు జారిన చుక్క సాకెట్టులోకి కాక నేల మీద పడుతుంది.

కొనే ముందు స్టాండు తలుపు వెడల్పుతో పాటు, స్కిమ్మర్ కప్పును (వ్యర్థాలు చేరే గిన్నెను) పైకి తీయడానికి కావలసిన ఎత్తునూ కొలవండి. ఈ రెండో కొలత మరిచిపోయిన వారికి కప్పు శుభ్రపరచడం రోజువారీ కుస్తీ అవుతుంది.

అన్నీ బిగించాక మొదట మంచినీటితో నింపి, కనీసం ఒక రోజు నడపండి. కీళ్ళ వద్ద చెమ్మ లేదని తేలాక పంపు ఆపి, నీరు దిగడం పూర్తయ్యేదాకా చూడండి. సంపు నిండకపోతే, పంపు మళ్ళీ నడిపి, మట్టం నిలకడైనప్పుడు రిటర్న్ అర మీద మార్కరుతో గీత గీయండి. అదే ఇకపై నీటి గరిష్ఠ మట్టం. తర్వాత దిగే పైపులను ఉద్దేశపూర్వకంగా మూసి, పంపు గాలి పీల్చేదాకా పై తొట్టి పొర్లకుండా ఉంటుందో లేదో గమనించండి. రాళ్ళు, ఉప్పునీరు చేరాక ఈ రెండు పరీక్షలూ మళ్ళీ చేయాలి.

ఆవిరైన నీటి లోటు రిటర్న్ అరలోనే కనిపిస్తుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ గీత వరకు శుద్ధి చేసిన మంచినీటినే నింపాలి, ఉప్పునీటిని కాదు. తనంతట నింపే ఏర్పాటు పెట్టుకుంటే, దాని సెన్సరు ఇరుక్కుపోయినా ప్రమాదం లేనంత చిన్న డబ్బాకే దాన్ని కలపండి.