గ్రౌండులో ఏ చెట్టు ఉంచాలి, ఏది తీయాలి

పచ్చదనం పేరుతో ఆటస్థలంలో మొక్కలు నాటుకుంటూ పోతే కొన్నేళ్లకు గడ్డి చస్తుంది, ఆట ఇరుకవుతుంది. అమెరికాలో 1903లో హెన్రీ ఫౌన్స్ వేసిన ఓక్‌మాంట్ గోల్ఫ్ కోర్సుకు జరిగిందిదే. గాలికి తెరిచి ఉన్న ఆ నేలలో తర్వాత చెట్లు కమ్ముకున్నాయి. 1990ల నుంచి వేల చెట్లు కొట్టేశాకే పాత రూపు బయటపడింది.

మన కోనసీమ కాలేజీ గ్రౌండుకూ అదే వరస. ముందు పాత ఫొటోలు, గూగుల్ ఎర్త్‌లో పాతచిత్రాలు చూసి మొదటి హద్దులు తేల్చుకోండి. ఆపైన నీడ. డిసెంబరు చివర్లో ఉదయం 9కి, 12కి, 3కి నీడ అంచుల మీద సున్నం చల్లండి. ఆ రోజుల్లో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. 10 మీటర్ల చెట్టు నీడ ఉత్తరానికి 8 మీటర్లు దాటుతుంది. అందుకే దక్షిణం వైపు చెట్లతోనే అసలు చిక్కు. తూర్పు వరస వల్ల మంచు ఆలస్యంగా ఆరి బూజు తెగుళ్లొస్తాయి. ఉత్తరపు వరసను ముట్టుకోకండి. పడమటి చెట్లలో పెద్దవి ఒకటి రెండు సాయంత్రం జనం కూర్చోడానికి ఉండాల్సిందే.

రోజుకు ఆరు గంటల కన్నా తక్కువ ఎండ తగిలితే గరిక పలచబడుతుంది. ఎరువు వేసినా లాభం లేదు. కింది కొమ్మలు నరికితే గాలి ఆడుతుంది గానీ మధ్యాహ్నపు నీడ పోదు.

డెల్టాలో నీళ్లు పైపైనే ఉంటాయి, వేళ్లూ పైపైనే పరుచుకుంటాయి. గడ్డి వైపు రెండడుగుల లోతు కందకం తీసి వేళ్లు తెంపవచ్చు. కానీ మొదలు మందానికి ఐదు రెట్ల దూరం లోపల తెంపితే తుపానుకు చెట్టు కూలవచ్చు.

కొట్టేముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద అనుమతి తీసుకోండి. పని జనవరి, మార్చి మధ్య పెట్టుకోండి. తడి నల్లమట్టిలో ట్రాక్టరు దిగితే గాళ్లు పడతాయి. మొద్దును అడుగు లోతు వరకైనా తవ్వి తీయాలి. వదిలేస్తే కుళ్లి గుంట పడుతుంది. గొయ్యిని ఇసుక కలిపిన మట్టితో ఆరు అంగుళాల పొరలుగా దిమ్మిస చేసి, తొలకరికి గరిక కణుపులు జానెడు ఎడంతో నాటండి.