స్టూలు కోళ్లు నాలుగూ ఒకేలా రావాలంటే: చెక్క లేత్ పనికి ఇంట్లో చేసుకునే కొలత పనిముట్లు

స్టూలు కోడు (కాలు) ఒకటి లేత్ మీద, అంటే కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం మీద తీయడం కొత్తవాళ్లకీ త్వరగానే పట్టుబడుతుంది. దానికి జోడీగా రెండోది తీయబోతేనే ఇబ్బంది మొదలవుతుంది. స్కేలు చదివేటప్పుడు కొంత, చదివిన అంకెను చెక్క మీద గుర్తు పెట్టేటప్పుడు కొంత తేడా చేరుతుంది. అందుకే ఒకే వస్తువును మళ్లీ మళ్లీ తీసే పనికి, అంకె చదవక్కర్లేని పనిముట్లే మేలు. ఇక్కడ 45 మి.మీ. చదరం, 450 మి.మీ. పొడవున్న టేకు కర్రలోంచి తీసే కోడును ఉదాహరణగా తీసుకుందాం.

ముందు చేయాల్సింది గుర్తుల పట్టీ. 4 మి.మీ. ప్లైవుడ్‌లోంచి 450 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు పట్టీ కోయండి. పై పొర రేఖలు పొడవు వెంటే ఉండాలి. పట్టీ మీద కోడు సగం రూపాన్ని అసలు సైజులో గీయండి. ఉబ్బు ఎక్కడ మొదలవుతుందో, గాడి ఎక్కడ పడాలో, మెడ ఎక్కడ ముగుస్తుందో అక్కడల్లా అంచు వరకు గీత లాగి, మూడంచుల ఆకురాయితో చిన్న గంటు పెట్టండి. పెన్సిలు మొన అందులో కూర్చుంటే చాలు. దూరాలన్నీ ఒకే కొన నుంచి కొలవాలి. ఒక గీత నుంచి పక్క గీతకు కొలుచుకుంటూ పోతే చిన్న తేడాలన్నీ కలిసి చివరి గీత దగ్గర రెండు మిల్లీమీటర్లయినా అవుతాయి. ఏ కొన హెడ్‌స్టాక్ (లేత్‌లో కర్రను తిప్పే భాగం) వైపు ఉండాలో బాణం గుర్తుతో రాయండి. పట్టీ తిరగబడితే కోడు మొత్తం తలకిందులవుతుంది. ప్రతి గంటు పక్కన అక్కడ రావాల్సిన మందమూ రాయండి: ఉబ్బు 42, నడుము 36, మెడ 30, పీటలోకి (కూర్చునే పలకలోకి) దిగే కొన 20.

కర్రను 43 మి.మీ. గుండ్రానికి తెచ్చాక, లేత్‌ను తక్కువ వేగంలో తిప్పుతూ పట్టీని టూల్ రెస్ట్ (ఉలిని ఆనించే పట్టె) మీద ఆనించండి. పట్టీ చెక్కకు తగలకూడదు. ఒక్కో గంటులో పెన్సిలు మొన పెట్టి తాకిస్తే చుట్టూ వలయం పడుతుంది.

ఇక మందం చూసే నోటి గేజి, అంటే ఒక అంచున నోరులా తెరిచి ఉన్న కొలత పలక. కొత్తవాళ్లకు వెర్నియర్ (అంకెలు చదివే కొలత పనిముట్టు) కంటే ముందు ఇదే చేయమంటాం. ఎందుకంటే ఇది పట్టిందా, పట్టలేదా అన్న ఒక్క సంగతే చెబుతుంది. 20 మి.మీ. కొనకు గేజి ఇలా చేయండి: 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క తీసుకుని, పీటకు బెజ్జం వేయబోయే డ్రిల్లు బిట్టుతోనే అంచుకు 25 మి.మీ. లోపల రంధ్రం వేయండి. కొత్త బిట్టు మీద 20 అని రాసి ఉన్నా అది వేసే రంధ్రం కాస్త పెద్దదిగా రావచ్చు. అదే బిట్టు వాడితే ఆ తేడా గేజిలోకీ వచ్చేస్తుంది కాబట్టి కొన బెజ్జానికి సరిపోతుంది. రంధ్రం రెండు పక్కల నుంచి అంచు దాకా సమాంతర గీతలు గీసి, రంపాన్ని గీతల లోపలే నడిపి, మిగిలింది ఆకురాయితో గీత వరకు తీయండి. నోటికి రెండు పక్కలా 20 మి.మీ. వెడల్పయినా చెక్క ఉండాలి. సన్నగా ఉంటే నొక్కినప్పుడు నోరు విచ్చుకుంటుంది. కొన ఇంకా లావుగా ఉండగానే గేజి ఎక్కేస్తుంది, తీరా బిగించబోతే బెజ్జంలో దిగదు. మూలలన్నీ గుండ్రం చేసి, నోటి లోపలి అంచులకు పల్చటి ఫెవిక్విక్ పట్టించి ఆరనివ్వండి. త్వరగా అరగదు.

30, 36, 42 సైజుల గేజిలను మాత్రం ఒక్కో మిల్లీమీటరు ఎక్కువగా, 31, 37, 43గా చేయండి. ఆ మిల్లీమీటరు చివరి చెక్కుడుకీ ఉప్పు కాగితానికీ పోతుంది. నోటి లోతు మందంలో సగం కంటే ఎక్కువ ఉండాలని మరిచిపోకండి. 43కి 25 మి.మీ. లోతు చాలు.

వాడేటప్పుడు చాలామంది తడబడేది ఒక చోట. పార్టింగ్ టూల్ (గాడి కోసే సన్నటి ఉలి) 3 మి.మీ. గాడి తీస్తుంది, గేజి 6 మి.మీ. మందం. అది గాడిలో దిగదు. పక్కపక్కనే మూడు కోతలు పెట్టి 8 మి.మీ. వెడల్పు చేయండి. గాడిలో టూల్ ఒరుసుకుని చెక్క మాడటమూ తగ్గుతుంది. కొలిచే ప్రతిసారీ లేత్ ఆపండి. తిరిగే చెక్క మీద పెడితే గేజి గాడి అంచుకు తగిలి చేతిలోంచి ఎగిరిపోగలదు.

గుండ్రని దుంగకు కేంద్రం చూడటానికి, ప్లైవుడ్ పలక మీద రెండు బద్దలను సరిగ్గా లంబకోణంలో మేకులతో కొట్టి, ఆ కోణాన్ని సగం చేసే గీత మీదకు మూడో బద్ద అంచు వచ్చేలా బిగించండి. దుంగను మూలలోకి నెట్టి గీత గీయండి, మూడో వంతు తిప్పి మళ్లీ, ఇంకో మూడో వంతు తిప్పి మళ్లీ. మూడు గీతలూ ఒక బిందువులో కలవకుండా చిన్న త్రిభుజం వస్తే బద్ద కాస్త పక్కకు ఉందన్నమాట. అయినా దుంగ గుండ్రంగా ఉంటే ఆ త్రిభుజం నడిమే కేంద్రం.

గిన్నె తీసేవాళ్లకు లోతు గేజి తప్పనిసరి. అడుగు చిల్లు పడేది లోతు అంచనా తప్పినప్పుడే. 300 మి.మీ. పొడవు, 25 మి.మీ. చదరపు బద్ద మధ్యలో నిలువుగా 8 మి.మీ. రంధ్రం వేసి, అందులో బిగుతుగా జారే గుండ్రని పుల్ల దూర్చండి. వదులుగా ఉంటే పుల్ల జారి తప్పు లోతు చూపిస్తుంది. గిన్నె ఎత్తు 70, అడుగున చక్ (లేత్‌లో వస్తువును బిగించే భాగం) పట్టే గుంట 4, ఉంచాల్సిన మందం 8 అనుకుంటే లోపలి లోతు 58. పుల్లను 56 దగ్గర పెట్టుకోండి, మిగతా రెండూ నునుపు చేయడానికి. గుంట లోతును లెక్కలో వదిలేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

గిన్నె గోడ మందం చూడటానికి 3 మి.మీ. జీఐ తీగ చాలు. తీగ రెండు కొనలూ ఎదురెదురుగా, మధ్య 20 మి.మీ. ఖాళీతో ఉండేలా వంచండి. ఒక కొన లోపలి గోడకు ఆనిస్తే, బయటి కొనకూ బయటి గోడకూ మధ్య ఎంత ఖాళీ కనిపిస్తే దాన్ని 20లోంచి తీసేయండి. 14 కనిపిస్తే మందం 6. తీగ కొనలు గోడకు లంబంగా నిలవాలి. ఏటవాలుగా పెడితే గోడ ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది, ఆ నమ్మకంతో ఇంకా చెక్కితే గోడ చిరుగుతుంది.

ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే కుంకుమ భరిణెల వంటి మూత డబ్బాలకు, మూత లోపలి వెడల్పు చూసే మెట్ల దిమ్మె ఒకటి లేత్ మీద తీసుకోండి: 38, 39, 40 మి.మీ. మెట్లు, ఒక్కోటి 10 మి.మీ. పొడవు. మూత లోపల 39 దిగి 40 ఆగితే, ఇక ఉప్పు కాగితంతోనే సరిచేయాలి. పచ్చి కర్రలో ఈ కొలత నిలవదు. ఆరేకొద్దీ గుండ్రం కోలగా మారుతుంది కాబట్టి లావుగా గరుకుగా తీసి ఆరబెట్టి, తర్వాతే మూత సరిపెట్టండి.

గేజిలను గుర్తుల పట్టీతో కలిపి ఒక దారానికి గుచ్చి, తడి తగలని చోట వేలాడదీయండి. వానాకాలంలో వాడే ముందు 20 మి.మీ. గేజిని పాత బెజ్జంలో సరిపోయిన కొన మీద ఒకసారి పెట్టి చూడండి.