కారులో జీపీఎస్ వైరు వేలాడకుండా

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఫోన్ సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది. మ్యాప్ ముందే లోపల ఉన్న జీపీఎస్ పరికరానికి ఆ టెన్షన్ లేదు, అది నేరుగా శాటిలైట్ల నుంచే సిగ్నల్ అందుకుంటుంది. అందుకే విజయనగరంలో మా కారుకి ఒకటి పెట్టుకున్నాను.

పరికరాన్ని ముందు అద్దం మధ్యలో పెట్టకండి, రోడ్డు కనబడదు. డ్రైవర్ వైపు కింది మూల మంచిది. అక్కడ అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాక పరికరాన్ని పట్టి ఉంచే సక్షన్ కప్పు (అద్దానికి అతుక్కునే రబ్బరు గిన్నె) నొక్కాలి. దుమ్ము ఉంటే ఘాట్ కుదుపులకి ఊడిపోతుంది.

అసలు పని వైరుది. ఛార్జర్ సాకెట్ నుంచి డ్యాష్‌బోర్డు కింద అంచు వెంట తీసుకెళ్లి, రెండు మూడు చోట్ల క్లిప్పులతో బిగించండి. పెడల్స్ దగ్గర ఒక్క అంగుళం కూడా వదులుగా వేలాడకూడదు, బ్రేక్ కింద చిక్కుకుంటే ప్రాణాపాయం. తర్వాత తలుపు రబ్బరు బీడింగ్ లోపలికి పాత ఏటీఎం కార్డు అంచుతో నెట్టి పైకి తెండి. స్క్రూడ్రైవర్ వాడితే రబ్బరు చిరుగుతుంది. ముందు అద్దం పక్క స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే దాని మీదుగా మాత్రం వైరు లాగొద్దు.

కొందరు వైరు కోసి ఫ్యూజ్ బాక్సుకి కలిపేస్తారు. కారు లైను 12 వోల్టులు, ఇలాంటి చాలా పరికరాలకి కావలసింది 5. మధ్యలో అడాప్టర్ లేకపోతే కాలిపోతుంది. మిగిలిన వైరు చుట్టి గ్లవ్ బాక్స్ వెనక కట్టేయండి. ఎండలో కారు ఆపితే పరికరం తీసి ఎండ తగలని చోట పెట్టండి, వేడికి బ్యాటరీ ఉబ్బే ప్రమాదం తగ్గుతుంది.