రియాక్టర్‌కి ఎక్కించే ముందు ఫ్లాస్కులోనే చేయాల్సిన పనులు

ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో ఒక రియాక్షన్‌కి మూడుసార్లు మంచి ఈల్డ్ (దిగుబడి) వచ్చింది కదా అని, ప్లాంట్‌లోని పెద్ద రియాక్టర్ కోసం అన్నిటినీ వెయ్యితో హెచ్చవేసి బ్యాచ్ షీట్ (ఆపరేటర్ పాటించే సూచనల కాగితం) రాసేయకండి. సరుకు వెయ్యి రెట్లు పెరిగినా వేడిని బయటికి లాగే గోడ సుమారు వంద రెట్లే పెరుగుతుంది, అంటే లీటరుకి దొరికే జాకెట్ (చల్లబరిచే గోడ) పదో వంతే. పెళ్లి వంటల్లో గుండిగ దించాక కూడా లోపల అన్నం ఉడుకుతూనే ఉంటుంది చూడండి, అదే ఇది.

కాబట్టి ముందు ఒక లెక్క వేయండి: కూలింగ్ మొత్తం ఆగిపోతే బ్యాచ్ ఎంతదాకా వేడెక్కుతుంది? కిలో మాస్‌కి (రియాక్టర్‌లోని మిశ్రమానికి) 200 కిలోజౌల్స్ వేడి పుట్టి, దాని విశిష్టోష్ణం (కిలోని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన కిలోజౌల్స్) 2 అయితే 100 డిగ్రీలు పెరుగుతుంది. 40 దగ్గర నడిచేది 140కి పోవాలి, కానీ అందులో సాల్వెంట్ మెథనాల్ అయితే అది 65కే మరుగుతుంది, ఆ ఆవిరంతా ఎటు పోతుందో ముందే తేల్చుకోవాలి. అంత వేడికి సరుకు విచ్ఛిన్నం అవుతుందా అన్నది డీఎస్‌సీలో (చిన్న శాంపిల్‌ని వేడిచేస్తూ అందులో వేడి ఎప్పుడు పుడుతుందో కొలిచే పరికరం) చూడండి.

రియాజెంట్ (రియాక్షన్ కోసం కలిపే రసాయనం) నెమ్మదిగా కలపడం ఒక్కటే చాలదు, కలిపింది కలిపినట్టు ఖర్చవ్వాలి. భయపడి మరీ చల్లగా ఉంచితే రియాక్షన్ మొదలవదు, రియాజెంట్ పోగుపడి తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. సగం అడిషన్ అయ్యాక శాంపిల్ తీసి ఎంత మిగిలిందో చూడండి.

2007 డిసెంబర్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో టీ2 లేబొరేటరీస్ రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. లీటరు రియాక్టర్‌లో చూసిన ప్రాసెస్‌ని పైలట్ దశ లేకుండా 2,450 గ్యాలన్లకి ఎక్కించారు, కూలింగ్‌కి బ్యాకప్ లేదు. పేలింది 175వ బ్యాచ్‌లో.

ఇక ఎవరూ పట్టించుకోనిది టైమ్. ల్యాబ్‌లో రోటావాప్ (ఫ్లాస్కుని తిప్పుతూ సాల్వెంట్‌ని ఆవిరి చేసే పరికరం) మీద అరగంటలో అయ్యే డిస్టిలేషన్ ప్లాంట్‌లో రాత్రంతా సాగుతుంది. ఒకసారి నేను ఈ సంగతి వదిలేశాను, తెల్లారి వెళ్లేసరికి తేనె రంగులో ఉండాల్సిన మాస్ తాటిబెల్లం పాకంలా నల్లగా, జిగురుగా ఉంది, బ్యాచ్ మొత్తం పోయింది. అందుకే ఆ నిదానాన్ని ఫ్లాస్కులోనే తెచ్చుకోండి: మాస్‌ని అదే ఉష్ణోగ్రతలో 12 గంటలు ఉంచి, మూడేసి గంటలకి హెచ్‌పీఎల్‌సీ (అందులో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పే పరీక్ష) చేయించండి, 20 నిమిషాల అడిషన్‌ని 4 గంటలు లాగండి. ఆర్‌పీఎం మాత్రం ల్యాబ్‌దే రాసేయకండి, బ్లేడు సైజు మారితే ఆ అంకెకి అర్థం లేదు.

చివరగా బ్యాచ్ షీట్‌ని నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌తో కూర్చుని చదివించండి. “నెమ్మదిగా కలపాలి” అంటే ఆయనకి ఏమర్థమవుతుంది? “4 గంటల్లో, 25–30 డిగ్రీల మధ్య కలపాలి, 30 దాటితే వాల్వ్ మూసేయాలి” అని రాయండి.