యాక్రిలిక్ ఇంకులతో బొమ్మలు మొదలుపెట్టాలనుకునేవాళ్లకి

వాటర్ కలర్స్ వేసే అలవాటున్నవాళ్లు మొదటిసారి యాక్రిలిక్ ఇంకు సీసా తెరిచి ఒక వాష్, అంటే నీళ్లు కలిపి పల్చగా పరిచే పూత, వేస్తే పెద్ద తేడా ఏమీ కనపడదు, రంగు కాస్త గట్టిగా పడిందే అనుకుంటారు అంతే. తేడా తెలిసేది అది ఆరాక. ఆరిన వాటర్ కలర్ మీద తడి బ్రష్ పెట్టి రుద్దితే రంగు మళ్లీ లేస్తుంది కదా, ఎందుకంటే దాన్లో రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచేది గమ్ అరబిక్, అంటే తుమ్మ జాతి చెట్ల జిగురు, దానికి నీళ్లు తగిలితే చాలు కరిగిపోతుంది. ఇంకులో ఆ పని చేసేది యాక్రిలిక్ రెజిన్, అంటే ఒక రకం ప్లాస్టిక్ జిగురు. నీళ్లు ఆవిరైపోగానే ఆ రెజిన్ కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని సన్నటి ప్లాస్టిక్ పొర అయిపోతాయి, ఇక ఆ తర్వాత మీరు ఎన్ని నీళ్లు పోసినా అది కదలదు. చాలామంది ఇదో ఇబ్బంది అనుకుంటారు, నా లెక్కలో మాత్రం దీని అసలు సుఖమే ఇది, కింద వేసిందానికి ఏమవుతుందో అనే భయం లేకుండా పొర మీద పొర వేసుకుంటూ పోవచ్చు. ఏ కాగితం కొనాలి, బ్రష్ ఎప్పుడు కడగాలి, ఏ రంగు ముందు వెయ్యాలి లాంటివన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

ట్యూబుల్లో వచ్చే యాక్రిలిక్ మన దగ్గర ఉంది కదా, అందులో నీళ్లు కలుపుకుంటే సరిపోదా అని అందరూ అడుగుతారు. కొంతవరకు సరిపోతుంది. కానీ ట్యూబ్ రంగులో మరీ ఎక్కువ నీళ్లు పోస్తే అందులో ఉన్న రెజిన్ పల్చబడిపోయి రంగుని సరిగ్గా పట్టుకోలేదు, ఆరాక మచ్చలు మచ్చలుగా, పిండి పిండిగా కనిపిస్తుంది. ఇంకులో రంగుపొడిని చాలా మెత్తగా నూరతారు, సీసాలోంచే పాలలాగా పల్చగా వస్తుంది, అయినా రంగు ఘాటు తగ్గదు. అందుకే ఇంకులో ముంచి గీసే డిప్ పెన్‌తో సన్న గీత గీసినా ఆగకుండా సాగుతుంది. ఇంకో మాట, స్టేషనరీ షాపుల్లో దొరికే ఫౌంటెన్ పెన్ ఇంకు, వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు ఇవి వేరు, సీసా మీద యాక్రిలిక్ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. చూడకుండా ఫౌంటెన్ పెన్ ఇంకు లాంటిది కొంటే తర్వాత పైన పొర వేసినప్పుడు కింద రంగు అలుక్కుపోయి ఎందుకిలా అయిందో అర్థం కాదు.

కొనే విషయానికొస్తే డేలర్ రౌనీ వాళ్ల ఎఫ్‌డబ్ల్యూ ఇంకులు 29.5 మి.లీ. సీసాల్లో వస్తాయి, లిక్విటెక్స్, ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లవి 30 మి.లీ. చిన్న సీసానే కదా అనిపిస్తుంది గానీ చుక్కల లెక్కన వాడతాం కాబట్టి చాలాకాలం వస్తుంది. సెట్టు కొనొద్దండి, దయచేసి. సెట్టులో సగం రంగులు మీరే కలుపుకోగలిగినవి ఉంటాయి, పైగా దేంతో ఏది కలిపితే ఏమొస్తుందో నేర్చుకునే అవకాశం పోతుంది. ఒక పసుపు, ఒక మెజెంటా (ముదురు గులాబీ), ఒక సయాన్ (ఒక రకం నీలం), ఒక తెలుపు, ఒక నలుపు, ఇంతే. ప్రాసెస్ ఎల్లో, ప్రైమరీ మెజెంటా ఇలాంటి పేర్లతో అమ్ముతారు, లేదంటే క్వినాక్రిడోన్ మెజెంటా, థాలో బ్లూ అని ఉన్నవి తీసుకున్నా అదే పని జరుగుతుంది. సీసా లేబుల్ మీద చిన్న చదరం గుర్తు ఉంటుంది చూడండి, లోపల ఖాళీగా ఉంటే ఆ రంగు పారదర్శకం, సగం నిండి ఉంటే మధ్యరకం, మొత్తం నిండి ఉంటే కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. మొదటి మూడు రంగులూ వీలైనంతవరకు ఖాళీ చదరంవే ఎంచుకోండి, తెలుపు మాత్రం నిండు చదరందే కావాలి. పిబి 15, పిఆర్ 122 లాంటి కోడ్ కూడా ఉంటుంది, అది లోపలున్న పిగ్మెంట్, అంటే రంగుపొడి, నంబరు, కంపెనీ ఏదైనా నంబరు అదే అయితే రంగు దగ్గర దగ్గరగా ఉంటుంది, పేర్లని మాత్రం నమ్ముకోకండి. గోడకి తగిలించే బొమ్మ అయితే లైట్‌ఫాస్ట్‌నెస్ ఎంత అని కూడా చూసుకోవాలి, లేకపోతే ఎండ తగిలి వెలిసిపోతుంది.

మిగతా సామాన్లకి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. సింథటిక్ బ్రష్‌లు రెండు మూడు చాలు, జంతువు వెంట్రుకలతో చేసిన ఖరీదైన సేబుల్ బ్రష్ దీన్లో ముంచొద్దు, పాడైపోతుంది. ఇంట్లో ఉన్న తెల్ల పింగాణీ ప్లేటు, నీళ్లకి రెండు గ్లాసులు, పాత బట్ట, చిన్న స్ప్రే బాటిల్, అంచులకి అంటించడానికి పేపర్ టేపు, ఒక డిప్ పెన్. కాగితం మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) కోల్డ్ ప్రెస్, అంటే పైభాగం కాస్త గరుకుగా ఉండే, వాటర్ కలర్ పేపర్ తీసుకోండి, అంతకంటే పల్చటిదైతే తడికి అలలు అలలుగా లేచిపోయి రంగంతా గుంటల్లోకి చేరిపోతుంది.

సీసా వాడే ముందు బాగా ఊపాలి, ఇది మర్చిపోవద్దు. పిగ్మెంట్ అడుక్కి దిగిపోయి ఉంటుంది, ముఖ్యంగా తెలుపులోనూ మెరుపు రంగుల్లోనూ. ఊపకుండా డ్రాపర్‌తో తీస్తే పైనున్న నీళ్లలాంటిదే వస్తుంది, అది చూసి ఈ తెలుపు అసలు కప్పడం లేదేంటి అనుకుంటారు.

మొదటి రోజు బొమ్మ జోలికి పోకండి. ఒక కాగితం మీద పర్మనెంట్ మార్కర్‌తో అడ్డంగా నల్ల గీత ఒకటి గీసి, దాని మీద నుంచి ప్రతి రంగునీ మూడు రకాలుగా వెయ్యండి, ఒకటి సీసాలోంచి నేరుగా, ఒకటి సగం నీళ్లతో, ఒకటి చెంచాడు నీళ్లలో రెండు మూడు చుక్కలు వేసి. గీత ఎంత కనపడుతుందో దాన్నిబట్టి ఏ రంగు ఎంత కప్పుతుందో మీ కళ్లకే తెలుస్తుంది. తర్వాత పక్కన వరసగా ఒక ఆరు చుక్కలు పెట్టి, కొంచెం కొంచెం గ్యాప్ ఇస్తూ ఒక్కోదాన్ని తడి బ్రష్‌తో తుడిచి చూడండి. మొదటిది మొత్తం పోతుంది. మధ్యలో వాటిని తుడిస్తే లోపలి తడి రంగు పోయి చుట్టూ సన్నటి ఉంగరం మిగిలిపోతుంది, ఎందుకంటే చుక్క అంచులు ముందు ఆరతాయి. చివరిది అసలు కదలదు. మీ గదిలో, మీ ఫ్యాను కింద, ఆ రోజు మీకు ఎంత టైం దొరుకుతుందో ఈ ఆరు చుక్కలు చెప్పేస్తాయి, ఏ వీడియోలో చెప్పే నిమిషాల లెక్కా దీనికి సాటిరాదు, ఎందుకంటే ఆ వీడియో తీసినవాళ్ల ఊళ్లో రోహిణి కార్తె ఎండలుండవు. మన దగ్గర మే నెలలో ఫ్యాను తిరుగుతుంటే వాష్ ఈ చివర నుంచి ఆ చివరకి లాగేలోపే మొదలు ఆరిపోయి గీత పడిపోతుంది. ఫ్యాను ఆపి, కాగితాన్ని ముందు మంచినీళ్లతో తడిపి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెద్ద వాష్‌లు వేసుకుంటే మంచిది, అవసరమైతే స్ప్రే కొట్టుకుంటూ ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లల్లో వానాకాలంలో దీనికి ఉల్టా, ఆరదు, అక్కడ హెయిర్ డ్రయ్యర్ పనికొస్తుంది, కాకపోతే రంగు మెరుస్తూ నీళ్లలా ఉన్నప్పుడు డ్రయ్యర్ పెడితే గాలికి ఎటో కొట్టుకుపోతుంది, మెరుపు తగ్గేదాకా ఆగండి.

ఇప్పుడు బొమ్మ. చెరువు గట్టు, సాయంత్రం ఆకాశం, వరసగా తాటిచెట్లు, నీళ్లలో ఒకటో రెండో కొంగలు, పోస్టుకార్డు కంటే కొంచెం పెద్ద సైజు కాగితం తీసుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే పొరల పద్ధతి మొత్తం ఇందులో వచ్చేస్తుంది.

నాలుగు అంచులకీ టేపు వేసి కాగితమంతా తడపండి. మడుగు కట్టకూడదు, పక్క నుంచి చూస్తే ఒకేలా తళతళలాడాలి. బాగా నీళ్లు కలిపిన పసుపుని గట్టు రావాల్సిన చోటుకి కాస్త పైన మొదలుపెట్టి పైకి లాగుతూ పోగా పోగా పల్చగా వదిలెయ్యండి, కింద నీళ్ల భాగంలో కూడా కొంచెం. పూర్తిగా ఆరనివ్వండి, చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగలకూడదు, చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక మళ్లీ మంచినీళ్లతో తడపండి, పసుపు కదలదు చూడండి, ఇక్కడే మొదటిసారి భలే ఉందే అనిపిస్తుంది. ఈసారి మెజెంటా పల్చగా, పసుపు పైభాగాన్ని కప్పుతూ ఇంకొంచెం పైకి. పసుపు మీద పడ్డచోట నారింజ వస్తుంది, తెల్లకాగితం మీద పడ్డచోట గులాబీ. మళ్లీ ఆరాక పైనుంచి సయాన్. ఇక్కడ జాగ్రత్త, నీలం నేరుగా పసుపు మీదకి వచ్చిందంటే ఆకాశం ఆకుపచ్చగా అయిపోతుంది, మధ్యలో మెజెంటా ఉన్నచోటే నీలాన్ని ఆపెయ్యాలి, అప్పుడు ఊదారంగు వస్తుంది, సాయంత్రం అచ్చం అలాగే ఉంటుంది. థాలో బ్లూ అయితే చాలా ఘాటు, ఒక్క చుక్క ఎక్కువైనా బొమ్మంతా మింగేస్తుంది కాబట్టి ప్లేట్‌లో పల్చగా కలుపుకుని పక్క కాగితం మీద చూసుకున్నాకే వెయ్యండి.

చెట్లకి నలుపు నేరుగా వాడకుండా మీ మూడు రంగులూ కలిపి చూడండి, నీలం ఎక్కువ, మెజెంటా కొంచెం, పసుపు చుక్క. ఆ ముదురు రంగుకి ఆకాశంతో చుట్టరికం ఉంటుంది, సీసాలోని నలుపు వేస్తే అతికించినట్టు కనపడుతుంది. కాండాలు బ్రష్‌తో, ఆకులు డిప్ పెన్‌తో, తాటాకు మొదలు దగ్గర నుంచి బయటికి చకచకా విసురుతూ గీతలు. పెన్నుని సీసాలో ముంచకుండా డ్రాపర్‌తో నిబ్ వెనక్కి ఒక చుక్క పెట్టుకుంటే బొట్లు పడవు. నీళ్లలో చెట్ల నీడకి మాత్రం అదే ముదురు రంగుని పల్చగా చేసి, కాగితం తడిపి, పాకనివ్వండి. చివర్లో బాగా ఊపిన తెలుపుతో కొంగలు, రెండు మూడు చిన్న బ్రష్ దెబ్బలు చాలు. వాటర్ కలర్‌లో అయితే ఆ తెల్ల కాగితాన్ని మొదట్నుంచీ కాపాడుకుంటూ రావాలి, ఇక్కడ ముదురు రంగు మీద కూడా ఆఖరున పెట్టుకోవచ్చు. ఒక పొరకి సరిగ్గా కప్పకపోతే ఆరాక ఇంకో పొర.

ఆటలాడుకోవడానికి ఇంకా చాలా ఉన్నాయి. తడి వాష్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేస్తే రంగు పక్కకి తప్పుకుని గుండ్రటి మచ్చలు వస్తాయి, స్ట్రాతో ఊదితే కొమ్మల్లాగా పాకుతుంది, ఉప్పు చల్లితే నక్షత్రాల్లాంటివి వస్తాయి, కాకపోతే పొర ఆరేటప్పుడు ఉప్పు గింజలు అందులోనే ఇరుక్కునే అవకాశం ఉంది, ఆరగానే దులిపెయ్యాలి. నాకు వీటన్నిటికంటే వెదురు పెన్ను ఇష్టం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల కలం చూసి ఉంటారు, చెక్కిన వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు, ఆ ఉన్ని రంగు పీల్చుకుంటే వేళ్లతో నొక్కుతూ గీతకి ఎంత కావాలో అంత వదులుతారు. వాళ్లు వాడేది బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టి చేసిన నలుపు, దానికి ఆ ఉన్ని సరిపోతుంది. యాక్రిలిక్ ఇంకుకి అదే కలం వాడితే ఉన్ని బిగుసుకుని రాయైపోతుంది, కాబట్టి ఉన్ని లేకుండా ఉత్త వెదురు మొన చెక్కుకోండి, గీత మధ్యలో తెగుతూ గరుగ్గా వస్తుంది, పాత గోడలకీ చెట్ల బెరడుకీ అంత అందంగా ఇంకేదీ రాదు.

బ్రష్ విషయంలో బద్ధకం పనికిరాదు. బొమ్మ వేస్తున్నంతసేపూ చేతిలో లేని బ్రష్ నీళ్లలో తడిగా ఉండాలి, అలాగని గంటలు గంటలు మొన మీద నిలబెట్టి ఉంచితే వంగిపోతుంది. పని అవ్వగానే సబ్బుతో, ముఖ్యంగా వెంట్రుకలు రేకులోకి దిగే చోట వేళ్లతో నలిపి కడగండి, అక్కడ ఆరిందంటే బ్రష్ చీపురులా విచ్చుకుంటుంది. పొరపాటున ఎండిపోతే శానిటైజర్‌లో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గానీ నానబెడితే కొంతవరకు మెత్తబడుతుంది. డిప్ పెన్ నిబ్ గీస్తున్న మధ్యలో కూడా అప్పుడప్పుడు నీళ్లలో ముంచి తుడవాలి. ఫౌంటెన్ పెన్నులో మాత్రం ఈ ఇంకు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి, లోపల సన్న దారుల్లో ఆరిపోయి పెన్ను ఇక పనిచెయ్యదు. ప్లేటు మీద ఆరిపోయిన రంగు కోసం కంగారు పడక్కర్లేదు, వేడినీళ్లు పోసి కాసేపు ఆగితే పొరలా ఊడొస్తుంది, ఆ పొరల్ని సింకులో వదలకుండా చెత్తబుట్టలో వెయ్యండి. బ్రష్ నోట్లో పెట్టి మొన తీర్చే అలవాటుంటే మానుకోవాలి, గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌తో కొడితే మాస్కు తప్పనిసరి.

మూత పెట్టేముందు సీసా మూతి దగ్గర మరల మీద అంటుకున్న ఇంకుని తడిబట్టతో తుడిచెయ్యండి, లేకపోతే అక్కడ బిగుసుకుపోయి తర్వాత శ్రావణంతో తిప్పినా రాదు. సీసాలు నిలువుగా, ఎండ తగలని చోట పెట్టుకోవాలి. కాగితం మీద చెయ్యి కుదిరాక గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డ మీద కూడా వేసి చూడండి, బాగా ఆరాక వెనకవైపు నుంచి పొడి ఇస్త్రీ చేస్తే రంగు గట్టిపడుతుంది. కాగితంతో పోలిస్తే గుడ్డ మీద ఎక్కువగా పాకుతుంది కాబట్టి నీళ్లు తగ్గించుకోండి, ముందు ఓ మూల చుక్క వేసి ఎంత దూరం పోతుందో చూసుకున్నాకే గీత మొదలుపెట్టండి.