ఎర్రమట్టి కుండీలకు ఇనుప రజనుతో చుక్కలు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కుండలు కాలిన తరువాత ఎర్రబడటానికి మట్టిలోని ఇనుప ఆక్సైడే కారణం. అదే మట్టిలో మరికొంత ఇనుప రజను కలిపితే, కాలిన కుండీ ఒంటిమీద నల్లని, ముదురు గోధుమరంగు చుక్కలు తేలుతాయి. అయితే మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది, లోహం ఆరినా తగ్గదు. ఈ సంగతి పట్టించుకోకుండా నేను మేకుల ముక్కలు కలిపి చేసిన మొదటి దీపపు గూడు, ఆవానికి (కుండలు కాల్చే బట్టీకి) చేరకముందే, నీడలో ఆరుతూ ఆరుతూ ప్రతి ముక్క చుట్టూ నెర్రెలు విచ్చింది. అందుకే టీ వడపోత జల్లెడ నుంచి కిందికి దిగిన సన్నని రజనునే వాడాలి.

రజను లేతు మిషను షాపుల్లో దొరుకుతుంది. దానికి నూనె అంటి ఉంటుంది కనుక వేడి సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఎండలో పలుచగా ఆరబోయాలి. ఆలస్యమైతే తుప్పు పట్టి గడ్డ కడుతుంది. తరువాత పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని దానిపై తిప్పితే ఇనుము అంటుకొని వస్తుంది, ఇత్తడి, అల్యూమినియం పొట్టు కింద మిగిలిపోతుంది. ఈ ఏరివేత తప్పనిసరి, ఎందుకంటే అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది, ఇత్తడిలోని జింకు 907 డిగ్రీల వద్ద మరిగి ఆవిరవుతుంది, ఆ పొగ పీల్చిన వారికి చలితో జ్వరం వస్తుంది. జింకు పూత రేకుల తుక్కు అయస్కాంతానికి అంటుకున్నా దానిని కూడా పక్కన పెట్టాలి.

కిలో మట్టికి 20 గ్రాముల రజను చాలు. మట్టిని కాళ్లతో తొక్కే పని ముందే ముగించి, రజనును చివరన, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, మట్టిని పలుమార్లు మడిచి పిసుకుతూ కలపాలి. సారె మీద ఈ మట్టిని పెట్టరాదు. తిరిగే మట్టిలోని రజను వేళ్లను గీరేస్తుంది. పలకలుగా పరిచి అతికించడమో, అచ్చులో ఒత్తడమో మేలు.

వారం రోజులు నీడలో ఆరనిచ్చి, ముందుగా ఒక చిన్న బిళ్లను ఆవంలో కాల్చి చూసుకోవాలి. గాలి బాగా ఆడితే ఎర్రని కుండీ ఒంటిమీద చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆవాన్ని మూసి పొగ పట్టిస్తే కుండీ మొత్తం నల్లబడి చుక్కలు అందులో కలిసిపోతాయి. రాగి రజను కూడా ఆవంలో నల్లబడుతుందే గాని ఆకుపచ్చగా మారదు. ఆ రంగు రావాలంటే పైన గ్లేజు, అంటే గాజులాంటి పూత, కావాలి, ఖర్చూ ఎక్కువ.

ఈ పాత్రలు అలంకరణకే పనికొస్తాయి, తాగునీటికీ వంటకూ వాడరాదు. రజను కలిపిన మట్టి తడిగా నిలవ ఉంటే లోపలే తుప్పు పట్టి చారలు కడుతుంది కనుక ఆ రోజుకు కావలసినంతే కలుపుకోవాలి.